మొసలి కన్నీరు

లోపల దుఃఖము లేకయే పైకి విలపించువానిని చూచి "మొసలి కన్నీరు కార్చుచున్నాడు" అనుట మనకు పరిపాటి. ఆంగ్లమునను ఇదే మాట కలదు: క్రొకడైల్ టియర్స్. ఈ మాట పుట్టుకను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

మన గజేంద్రమోక్షములోని మొసలి పట్టిన పట్టు విడువనిదే కాని కంట తడి పెట్టినది కాదు. ఏడ్చెడి మొసలి పాశ్చాత్యుల కథలలోనిది. 14వ శతాబ్దిలో సర్ జాన్ మాండవిల్ పేరిట వెలువడిన యాత్రాగ్రంథమొకటి, ఈ జంతువులు మనుష్యులను చంపి, ఏడ్చుచు తినునని చెప్పినది. ఆ గ్రంథము యూరపులోని పెక్కు భాషలలోనికి పోయినది. మొసలిని ఎన్నడును చూడనివారు సైతము దాని కన్నీటిని నమ్మిరి.

మరి మొసలి నిజముగా ఏడ్చునా? జంతుశాస్త్రజ్ఞుడు కెంట్ వ్లీట్, నాడీవైద్యుడు మాల్కమ్ షేనర్ అమెరికాలోని ఫ్లారిడాలో దీనిని పరీక్షించి 2007లో ఫలితము ప్రకటించిరి. మొసలికి దగ్గరి చుట్టములైన ఎలిగేటర్లకును కైమన్లకును నేలపై ఆహారము పెట్టి చూడగా, ఏడింటిలో ఐదింటికి తినునపుడు కన్నీరు వచ్చినది. బుసకొట్టునపుడు లోపలి గాలి కన్నీటిని వెలికి నెట్టుచుండవచ్చునని వారి ఊహ. కన్నీరు నిజమే. అందు పశ్చాత్తాపము లేదు, కపటమును లేదు.

ముఖపక్షవాతము నుండి కోలుకొన్నవారిలో కొందరికి భోజనము చేయునపుడు కంట నీరు కారును. లాలాజల గ్రంథులకు పోవలసిన నరములు దారి తప్పి కన్నీటి గ్రంథులను చేరుటయే ఇందుకు కారణము. వైద్యులు దీనికిని మొసలి కన్నీరనియే పేరిడిరి. పాపము, ఆ రోగియందు కపటమేమున్నది?

షేక్స్పియరు రచించిన 'ఒథెల్లో' నాటకమున ఒథెల్లో తన భార్య డెస్డిమోనాను పరుల యెదుట కొట్టును. ఆమె ఏడ్చును. అది మొసలి కన్నీరని అతడు ఈసడించును. ఆమె నిర్దోషియని చూచు మనకు తెలియును. అతనికి తెలియునప్పటికి ఆమె అతని చేతిలోనే మరణించియుండును.

ఇంటిలో కోడలో, పనిపిల్లయో, చిన్నవాడో కంట నీరు పెట్టినపుడు ఈ మాట మన నాలుకపైకి సులువుగా వచ్చును. వినుటకు ఇది సామెతవలె సొగసుగానే యుండును. కాని యెదుటివారి దుఃఖముపై ఇది మనము చెప్పెడి తీర్పు. తీర్పునకు ముందు విచారణ జరుగవలెను గదా.