బిడియము గల బిడ్డలు
(తల్లిదండ్రుల సభలో ఉపాధ్యాయుల పక్షమున చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము శిశుతరగతిలో చేరు బిడ్డలలో ఒకరిద్దరు నోరు మెదపరు. ఇంట గలగల మాటలాడు పిల్ల మా యెదుట తల్లి కొంగుచాటున దాగుకొనును. “దీనికి సిగ్గెక్కువ, ఎట్లు చదువునో” అని తల్లులు దిగులుపడుట మేమెరుగుదుము.

బిడియము పెంపకపు లోపము కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయ మనశ్శాస్త్రజ్ఞుడు జెరోమ్ కాగన్ నాలుగు నెలల శిశువులకు క్రొత్త వస్తువులను చూపి, క్రొత్త ధ్వనులను వినిపించి పరిశీలింపగా, నూటికి సుమారు 20 మంది కాలుసేతులు విదలించుచు ఏడ్చిరి. వారిలో పలువురు రెండేండ్ల ప్రాయమున క్రొత్తవారిని చూచి జంకిరి. అయినను పెద్దయిన పిమ్మట మిక్కిలి పిరికివారుగ మిగిలినవారు కొందరే. భయపడు ప్రతిదానినుండి తప్పింపబడిన బిడ్డలకంటె, మెల్లమెల్లగ అలవాటు చేయబడిన బిడ్డలే జంకు విడిచిరి.

మన బిడ్డలకు మరియొక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము కూడ. క్రొత్త భాష నడుమ బిడ్డ కొన్నాళ్ళు వినుచు మౌనముగ నుండుట సహజము. అందులకై ఇంట తెలుగు మానివేయుట, బిడ్డ ధైర్యముగ మాటలాడు ఒక్క భాషను లాగికొనుటయే యగును.

అయితే, బడిలో చేరిన మొదటి నెల గడచిన పిమ్మటను, బాగుగ వచ్చిన భాషలో సైతము, నెలకు మించి పెదవి విప్పని బిడ్డను వైద్యునికి చూపవలెను. 1934లో స్విస్ వైద్యుడు ట్రామర్ దీనికి ‘కోరి పట్టిన మౌనము’ అను అర్థము గల పేరిడెను. 1994లో అమెరికా మానసిక వైద్యులు ఆ పేరు మార్చిరి. అది మొండితనము కాదు, భయము.

చుట్టముల యెదుట “పద్యము చెప్పు” మని నిర్బంధింపకుడు. “వీడు మూగవాడు” అని నవ్వకుడు. బిడ్డకు మారుగ మీరే బదులు చెప్పక, అయిదు లెక్కించునంతసేపు వేచియుండుడు. తోటి బిడ్డ నొకనిని ఇంటికి పిలిచి ఆడనిండు. మొదట తలయూపు, పిదప గుసగుస, ఆపైన మాట.

మా తప్పును లేకపోలేదు. వార్షికోత్సవమున ధైర్యము గలవారికే వేషములిచ్చి, తక్కినవారిని వెనుక వరుసన నిలిపితిమి. ఇకమీదట తెర లాగు పనియైనను, పూలు అందించు పనియైనను ప్రతి బిడ్డకు నొకటి యిత్తుము. ఆనాడు మీ బిడ్డ మాటలాడకున్నను, ఇంటికి పోయి “బాగుగ చేసితివి” అని మీరనుడు. తక్కినది మాకు విడువుడు.