చెట్టు ఎవరిది, కాటా ఎవరిది?
(చెన్నైలో జరిగిన మన సంఘం అధ్యయన తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బేలు విప్పగానే దూది ఏ సీమదో చెప్పగల పాతకాపులు మనలో ఉన్నారు. షిఫ్టు నడుమ తాగే గ్లాసెడు కాఫీ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఇవాళ మాట్లాడుకుందాం. అన్ని కాఫీ తోటలూ చూడటానికి ఒకటే. కొండ, నీడ, ఎర్రటి పండు, బుట్ట కట్టుకున్న ఆడమనిషి. అయితే ఆ మనిషి తన చెట్టు పండు కోస్తోందా, దొర చెట్టు పండు కోస్తోందా అన్నదే అసలు సంగతి.

ముందు దూరదేశం సంగతి చెబుతాం. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే చిన్న దేశం ఉంది. అక్కడి కొండల్లో మాయా జాతి ఆదివాసులు తరతరాలుగా మొక్కజొన్న పండించుకుని బతికారు. 1870ల తర్వాత కాఫీ కోసం వాళ్ళ ఉమ్మడి భూములు చేజారాయి. భూమి పోతే సరిపోలేదు, తోటకు కూలీలు కావాలి. 1877లో చట్టం చేశారు. అధికారి తాఖీదు పంపితే ఊరు మనుషులను పంపాల్సిందే. ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టి, అప్పు తీరేదాకా కట్టిపడేశారు. 1934లో అప్పు వెట్టి రద్దయిందని సంబరపడేలోపు, భూమి లేనివాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు కూలి చేసినట్టు పుస్తకంలో రాయించుకోవాలని ఇంకో చట్టం వచ్చింది. అది 1945లో గాని పోలేదు. 1952లో ఆర్బెంజ్ ప్రభుత్వం పెద్ద ఎస్టేట్లలోని బీడు భూములు పేదలకు పంచింది. రెండేళ్ళకే, 1954లో, అమెరికా అండతో ఆ ప్రభుత్వాన్ని కూల్చి, పంచిన భూమిని లాక్కున్నారు.

మన విశాఖ మన్యం కథా అలాగే మొదలైంది. అప్పట్లో ఆ కొండలను ఏలింది ఈ ఊళ్ళోని కోటే. 1882 మద్రాసు అటవీ చట్టం ఇక్కడ రాసిందే. అడవి సర్కారుదైంది, పోడు నేరమైంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసేటప్పుడు బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు కూలి సరిగా ఇవ్వక వేధించాడు. చెన్నపట్నంలో మిల్లు కార్మికులు 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. నాలుగేళ్ళకు, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు వెంట మన్యంవాళ్ళు చింతపల్లి ఠాణా మీద పడ్డారు. సినిమాలో గుర్రం, విల్లు చూపిస్తారు. రోడ్డు కూలి సంగతి మన కుర్రాళ్ళకు ఎవరు చెబుతారు?

అయినా మన్యం గ్వాటెమాలా కాలేదు. ఎందుకంటే భూమి చట్టం. కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకు పోకుండా 1917లోనే మద్రాసులో ఒక చట్టం వచ్చింది. 1959లో ఆంధ్ర ప్రభుత్వం రెగ్యులేషన్ చేసింది, 1970లో దాన్ని గట్టిపరచింది. అదే మన్యంలో అందరి నోటా ఉండే 1/70. గిరిజనేతరుడు అక్కడ భూమి కొనకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వకూడదంది. చట్టానికి కన్నాలు లేవని మేం అనం. బినామీలున్నారు. కానీ ఆ గోడే లేకపోతే అరకులో ఇవాళ ఎస్టేటు బోర్డులే కనిపించేవి.

అందుకే అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో లక్షకు పైగా గిరిజన కుటుంబాలు తమ తోటల్లో కాఫీ పండిస్తున్నాయి. ఎక్కువమందికి ఉన్నది ఎకరమో రెండెకరాలో. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మాను మీదికి మిరియం తీగ. నవంబరు నుంచి కోత. 2017లో ఈ కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఇక కాటా దగ్గరికి రండి.

పీసురేటు మీద బతికిన మనకు ఇది వివరించనక్కర్లేదు. నేత ఎంత నేసినా కొలిచేవాడి చెయ్యి కలిస్తేనే కూలి. అక్కడా అంతే. అయిదారు కిలోల పండుకు కిలో గింజ. పండు పండుగానే అమ్మితే ఒక ధర. పల్పింగ్ చేసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే మెరుగైన ధర. కానీ మిషను కావాలి, కళ్ళం కావాలి, డబ్బు వచ్చేదాకా ఆగే ఓపిక కావాలి. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు ఎలా ఆగుతాడు? షావుకారు ముందే అప్పిచ్చి ఉంటాడు, సంతలో కాటా కూడా అతనిదే. భూమి చేతిలో ఉన్నా పంట ముందే తాకట్టులో ఉంటుంది. గిరిజన సహకార సంస్థ ధర ప్రకటించి, నిజంగా కొనుగోలుకు దిగితేనే షావుకారు దారికొస్తాడు. 2007లో గిరిజన రైతులు సొంతంగా పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నదీ ఇందుకే. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ మార్కెట్లో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. అందులో ఎంత చెట్టుదాకా వచ్చిందని మనం సూటిగా అడగాలి.

ఇంకో ముడి ఉంది, కార్మికులుగా మనకు ముఖ్యమైనది. 1960 నుంచి అటవీ శాఖ రిజర్వు అడవిలో సుమారు పదివేల ఎకరాల కాఫీ వేయించింది. 1985లో అది అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్ళింది. గుంటలు తవ్వింది, మొక్క నాటింది, పండు కోసింది గిరిజనులే. ఆ తోటల్లో మాత్రం వాళ్ళు రైతులు కారు, కూలీలు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు సాగులో ఉన్నవారికి పట్టా ఇమ్మంటుంది. మస్టరులో పేరుంటే సాగులో ఉన్నట్టు కాదు గదా! నలభై ఏళ్ళు కోసినా కాగితం మీద ఆ చెట్టు సంస్థదే. పక్క కొండ మీద ఎకరం ఉన్నవాడు మిరియం కూడా తనే అమ్ముకుంటున్నాడు. ఈ ఆడమనిషికి కోత అయిపోగానే పని లేదు. మిల్లుకు తాళం పడ్డప్పుడు మన చేతికి లెక్క కట్టి గ్రాట్యుటీ అయినా వచ్చింది. ఆమె ఏ లెక్క చూపించి అడగాలి? అక్కడి సంఘాలు అడుగుతున్నది ఆ తోటలనే.