వికలాంగుల స్వయం ఉపాధి



ముందుగా మేం చేసిన పొరపాటు చెబుతాం. పోలియో వల్ల రెండు కాళ్లూ చచ్చుబడిన ఒక కుర్రవాడికి మన సంఘం తరఫున కుట్టుమిషను ఇచ్చాం. ఫొటో దిగాం, చప్పట్లు కొట్టాం. తీరా చూస్తే అది కాలితో తొక్కే మిషను! పాపం, వాళ్లమ్మ కింద కూర్చుని తొక్కితే అతను గుడ్డ నడిపేవాడు. మోటారు బిగించి, దాని పెడలు మోచేతి కిందికి మార్పిస్తే సరిపోతుందని చివరికి అతనే చెప్పాడు. ఇచ్చేముందు మేం అడిగితేనా!

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో నూటికి 69 మంది పల్లెల్లోనే ఉన్నారు. 2016 చట్టం సర్కారు కొలువుల్లో నూటికి 4 కేటాయించింది గాని, ఆ కొలువులు ఎందరికి అందుతాయి? తక్కినవారికి సొంత పనే దిక్కు.

2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో వికలాంగులకు పల్లెలో నూటికి 35, పట్నంలో 25 సబ్సిడీ పెట్టారు. సొంత వాటా 5 మాత్రమే. మైనారిటీలకూ అంతే. అయినా మనవాళ్లు బ్యాంకు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. ఆ మెట్లు ఎక్కలేక కొందరు, కాగితాలు కుదరక కొందరు.

అందుకని ఈ యేడు వికలాంగ సర్టిఫికెట్టుకు, బ్యాంకుకు మనలో ఇద్దరేసి వెంట వెళ్లాలని కోరుతున్నాం. మిషన్లు కొనే కమిటీలో ఆ కుర్రవాడూ ఉంటాడు.