కార్యాలయపు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు నెమ్మదించినచో

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు పంచాయతీ కార్యాలయములలో ఇంటిపన్ను లెక్కలు, పనుల ఛాయాచిత్రములు కంప్యూటర్లలో నిలువ చేయబడుచున్నవి. ప్రక్కగదిలోని కంప్యూటరునకు ఒక ఫైలు చేరుటకు అరగంట పట్టినచో, కాగితమునకై వచ్చిన రైతు అంతసేపును అరుగుమీద కూర్చుండవలసినదే. అట్టి సమయమున క్రొత్త యంత్రములు కొనుటకు తీర్మానము పెట్టుట పరిపాటి. దానికి ముందు ఒక గంట పరీక్ష జరుపుడని మేము కోరుచున్నాము.

మొదట ఒక భ్రమ తొలగవలెను. ఒకే కార్యాలయమందలి రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా పంపు ఫైలు ఇంటర్నెట్టు దారిని పోదు. కనుక ఇంటర్నెట్టునకు నెలసరి సొమ్ము హెచ్చించినను ఈ జాప్యము తగ్గదు.

పిమ్మట లెక్క చూతము. దారి వేగమును బిట్లలో చెప్పుదురు. ఫైలు పరిమాణమును బైట్లలో చూపుదురు. 8 బిట్లు ఒక బైటు. కావున సెకనుకు 100 మెగాబిట్ల దారిలో నడచునది సుమారు 11 మెగాబైట్లే. ఇందుకై అమ్మినవానితో తగవులాడుట వ్యర్థము. 1 గిగాబైటు గల ఒకే ఫైలును పంపి గడియారము చూడుడు. ఒకటిన్నర నిమిషము పట్టినచో ఆ దారి సక్రమముగానే యున్నది. గిగాబిట్ దారియైనచో పది సెకన్లకు అటునిటుగా ముగియవలెను.

గిగాబిట్ యంత్రములుండియు ఒకటిన్నర నిమిషము పట్టుచున్నచో కేబులును అనుమానింపవలెను. దానిలోపల 8 సన్నని తీగలు నాలుగు జతలుగా పేనబడి యుండును. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలును. గిగాబిట్‌కు నాలుగును కావలెను. మిగిలిన రెండింటిలో ఒకదానిని ఎలుక కొరికినను, ప్లగ్గులో ఒక తీగ వదులైనను, యంత్రములు తరచు పని మానవు; చప్పుడు చేయక 100కు దిగిపోవును. చిక్కంతయు ఇదియే. పని ఆగినచో ఎవరైనను వెదకుదురు; నెమ్మదించినచో కంప్యూటరు ముసలిదైనదందురు. రెండు కంప్యూటర్లలోను నెట్‌వర్క్ సెట్టింగులలో 'లింక్ స్పీడ్' అను అంకె చూడుడు. 1000కి బదులు 100 ఉన్నచో మంచి కేబులొకటి మార్చి మరల చూడుడు. అప్పటికిని మారనిచో మధ్యనున్న స్విచ్చి 100కు మించనిదేమో విచారింపుడు. కేబులు 100 మీటర్లు దాటరాదు; కరెంటు తీగలతో కలిపి కట్టరాదు.

అంకె సరిగానుండియు వేగము లేనిచో డిస్కును చూడవలెను. చవుక పెన్‌డ్రైవుమీదికి పంపుచు నెట్‌వర్కును నిందించుట న్యాయము కాదు. వైఫైతో పంపువారు ఒకమారు కేబులు తగిలించి పోల్చి చూడవలెను.

ఇక వేలకొలది చిన్న ఛాయాచిత్రములు. ప్రతి ఫైలును విడిగా తెరచి మూయవలసి యుండుటచే, అదే పరిమాణముగల ఒక పెద్ద ఫైలుకంటె ఇవి ఆలస్యముగా చేరును. 'జిప్' చేసి ఒకే మూటగా పంపుడు. ఛాయాచిత్రముల బరువు దానివలన అంతగా తగ్గదు. దారిలో పట్టు కాలము తగ్గును.

పరీక్షించిన తేదీ, పట్టిన సమయము, లింక్ స్పీడ్ ఒక పుస్తకములో వ్రాయించి, మరమ్మతుకు వచ్చువానికి మొదట దానిని చూపుడు.