జాబితాలో మన పేరు

వోటు అనగానే మన మనస్సులలో మెదిలేది పోలింగు దినం. బడి ఆవరణలో బారులు తీరిన జనం, ఎడమచేతి చూపుడు వ్రేలి మీద సిరా గుర్తు, ప్రొద్దుగూకే వరకు సాగే సందడి కళ్లకు కట్టినట్లుంటాయి. కాని ఆ దినానికి ఎన్నో నెలల ముందుగా, ఏ సందడీ లేకుండా, కాగితం మీద జరిగే పని ఒకటి ఉన్నది. ఆ కాగితం మీద మన పేరు లేకపోతే, పోలింగునాడు ఎంత పెందలకడనే లేచి వెళ్లినా ఫలం లేదు. అదే వోటర్ల జాబితా. దానిని గురించి ఈ పూట కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మన రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ వోటు హక్కును ప్రసాదించినది. మొదట 21 ఏండ్లు నిండినవారికి ఉన్న ఈ హక్కు, 61వ రాజ్యాంగ సవరణ మూలంగా 1989 నుండి 18 ఏండ్లు నిండినవారికి సంక్రమించినది. ఐతే 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టం మరొక మాట కూడా చెప్పుతున్నది. నియోజకవర్గపు జాబితాలో పేరు నమోదు కానివారికి అక్కడ వోటు వేసే అర్హత లేదు. ఫోటో గుర్తింపు కార్డు చేతిలో ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండేవారు పెక్కుమంది. కార్డు మీరెవరో చెప్పుతుంది. ఆ కేంద్రంలో మీకు వోటు ఉన్నదీ లేనిదీ చెప్పేది జాబితా మాత్రమే.

ఈ జాబితా విలువ తెలియవలెనంటే కొంచెం వెనుకకు చూడవలెను. ఆంగ్లేయుల కాలంలో, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరి ఉండిన మద్రాసు రాజధానిలో, వోటుకు ఆస్తియో, పన్నుల చెల్లింపో కావలసి ఉండేది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు వోటు హక్కు ఇవ్వడానికి అంగీకరించి, దేశంలోని రాష్ట్రాలన్నిటికంటె ముందు నిలిచినది. అదైనా ఆస్తి అర్హత గల స్త్రీలకే. కూలివాని పేరు, కౌలుదారు ఇల్లాలి పేరు ఆ జాబితాకు ఎక్కే దారి ఉండేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట ఈ అడ్డుగోడలు కూలిపోయినవి. రాజ్యాంగం అమలులోకి రాకముందే, 1948 నుండియే, వయోజనులందరి పేర్లతో జాబితాలు వ్రాయించే పని ఆరంభమైనది. దేశవిభజన వలన ఇల్లూ వాకిలీ విడిచివచ్చిన కాందిశీకుల పేర్లను సైతం, ఇక్కడ స్థిరపడదలచినామని వారు చెప్పిన మాట మీద చేర్చుకొన్నారు. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి జాబితాలలో 17 కోట్లకు పైగా పేర్లు చేరినవి. నూటికి 80 మందికి పైగా అక్షరం రానివారే ఉన్న దేశంలో, ఇంటింటికీ తిరిగి, అడిగి వ్రాసుకొన్న పేర్లవి.

ఆ పనిలో ఒక విచిత్రమైన చిక్కు ఎదురైనది. కొన్ని ఉత్తరాది రాష్ట్రాలలో గణకులు గుమ్మంలో నిలిచి పేరు అడిగితే, ఇంటి స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె, ఫలానావారి తల్లి అనియే వ్రాయించినారు. పరపురుషునికి పేరు చెప్పడం మర్యాద కాదని ఆ ఇండ్లలోని ఆచారం. తొలి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ ఇట్టి నమోదును అంగీకరించలేదు. వోటరుకు సొంత పేరు ఉండి తీరవలెనన్నారు. పేర్లు చెప్పవలసినదిగా ప్రచారం చేయించినారు. బీహారులో ఇందుకై గడువు కూడా పొడిగించినారు. అప్పటికీ పేరు తెలియరానివారిని జాబితాల నుండి తీసివేయవలసి వచ్చినది. దేశంలో వోటుకు అర్హులైన స్త్రీలు సుమారు 8 కోట్లు ఉండగా, ఈ విధంగా తొలి ఎన్నికలలో వోటు పోగొట్టుకొన్నవారు దాదాపు 28 లక్షలమంది.

ఆ నిర్ణయం కఠినమైనదే. కాని దానిలోని న్యాయం గమనించదగినది. వోటు ఇంటికి ఇచ్చినది కాదు, కుటుంబ యజమానికి ఇచ్చినది కాదు. ఒక్కొక్క మనిషికి, ఆ మనిషి పేరు మీద ఇచ్చినది. 1957 ఎన్నికల నాటికి ఈ లోపం చాలవరకు సవరణ అయినది.

నేడు మన ఇండ్లలో పేరు చెప్పడానికి సంకోచించేవారు లేరు. ఐనను పేరు జారిపోయే దారులు వేరే ఉన్నవి. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లుతుంది. సారె, సామాను అన్నీ ఆమె వెంట వెళ్లుతాయి; వోటు మాత్రం పుట్టింటి ఊరిలోనే ఉండిపోతుంది. కొన్నాళ్లకు అక్కడి జాబితాలో, ఈమె ఇక్కడ లేదని పేరు కొట్టివేస్తారు. ఇక్కడ చేర్చవలెనని ఎవరికీ తోచదు. పాలమూరు నుండి, శ్రీకాకుళం నుండి పనుల కోసం దూరదేశం వెళ్లిన కూలీల సంగతీ అంతే. పట్టణంలో అద్దె ఇల్లు మారినవారు, ఒక పేట నుండి మరొక పేటకు పాల కార్డు మార్పించుకొంటారుగాని వోటు మాట మరచిపోతారు.

ఇట్టివారి విషయంలో 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టం రెండు సంగతులు స్పష్టంగా చెప్పినది. ఊరిలో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరిలో వోటు రాదు. అక్కడ మామూలుగా నివసించేవారై ఉండవలెను. అట్లే, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఉన్న వోటు పోదు. కనుక నాలుగు నెలలు పనికి వెళ్లి తిరిగివచ్చే కూలీకి సొంత ఊరిలో వోటు నిలుస్తుంది. పట్టణంలో స్థిరపడి, పండుగకు మాత్రమే ఊరికి వచ్చేవారి వోటు పట్టణంలో ఉండవలసినది. రెండు చోట్ల పేరు ఉంచుకొనడం చట్టవిరుద్ధం. ఆ ఉద్దేశంతో అబద్ధపు వాఙ్మూలం ఇస్తే శిక్ష కూడా ఉన్నది. విదేశాలలో ఉంటూ భారత పౌరసత్వం వదులుకొనని మనవారు పాస్‌పోర్టులోని స్వదేశపు చిరునామా ప్రకారం పేరు చేర్పించుకొనవచ్చును. వోటు వేయడానికి మాత్రం వారు స్వయంగా రావలసి ఉంటుంది.

ఇక పేరు చేర్పించుకొనే పద్ధతి. క్రొత్తగా చేరడానికి 6వ నంబరు ఫారం. తప్పులు దిద్దుకొనడానికి, ఇల్లు మారినప్పుడు వోటు మార్చుకొనడానికి 8వ నంబరు ఫారం. చేర్పుపై అభ్యంతరానికి, పేరు తొలగింపుకు 7వ నంబరు ఫారం. పోలింగు కేంద్రం ఒక్కొక్కదానికి ఒక బూతు స్థాయి అధికారి ఉంటారు. సాధారణంగా మీ ఊరి ఉపాధ్యాయులో, అంగన్‌వాడీ కార్యకర్తయో, మరొక ఉద్యోగియో ఆ బాధ్యత వహిస్తారు. వారి వద్దగాని, తహసీలుదారు కార్యాలయంలోగాని ఫారం ఇవ్వవచ్చును. ఎన్నికల సంఘపు వెబ్‌సైటు ద్వారా ఇంటి నుండియే పంపవచ్చును. సందేహాలకు 1950 అనే టెలిఫోను నంబరు ఉన్నది.

ఇంటిలో 18వ ఏట అడుగుపెట్టిన పిల్లలున్నవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పూర్వం జనవరి 1వ తేదీ ఒక్కటే అర్హత తేదీ. జనవరి 2న 18 ఏండ్లు నిండిన పిల్లవాడు మరుసటి జనవరి వరకు ఆగవలసి వచ్చేది. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలైనవి. అయినా గడువు మాట మరువరాదు. ఎన్నికలకు నామినేషన్లు వేసే చివరి గడువు దాటిన పిమ్మట ఆ ఎన్నికల కొరకు జాబితాలో పేరు చేర్చడానికి గాని, మార్చడానికి గాని వీలులేదు. ప్రచారపు మైకులు మ్రోగడం విని మేల్కొనేవారు అప్పటికే ఆలస్యం చేసినవారు.

పేరు ఒకసారి ఎక్కినది గదా అని ఊరుకొనడమూ సరికాదు. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలనాడు, అంతకుముందు ఎన్నికలలో వోటు వేసినవారు సైతం జాబితాలో పేర్లు కానరాక వెనుదిరిగినారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి అందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పినారు. క్షమాపణ ఉచితమైనదే, కాని ఆ ఎన్నికలలో ఆ వోట్లు తిరిగి రాలేదు. 2025లో బీహారు జాబితాలను సమగ్రంగా సవరించినప్పుడు, ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు చేరలేదు. మరణించినవారని, వలస వెళ్లినవారని, రెండు చోట్ల నమోదైనవారని కారణాలు చెప్పినారు. ఆ పేర్లను కారణాలతో సహా అందరికీ తెలిసేటట్లు ప్రకటించవలెనని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించినది. చనిపోయినవారి పేర్లు తీసివేయడం అవసరమే. ఉన్నవారి పేరు పోకుండా కాపాడుకొనడమూ అంతే అవసరం. ఈ రెండింటికీ జాబితా అందరి కంట పడడమే ఉపాయం.

ఊరు విడిచి వెళ్లినాడనే కారణంతో ఎవరి పేరునైనా తొలగించదలచినప్పుడు, ఆ వ్యక్తికి తన మాట చెప్పుకొనే అవకాశం ఇవ్వవలెనని చట్టం నిర్దేశిస్తున్నది. అధికారి నిర్ణయం తప్పని తోస్తే జిల్లా మేజిస్ట్రేటుకు, ఆపైన ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకొనవచ్చును. కాని పేరు పోయినదని తెలిసినవాడు గదా అప్పీలు చేసేది. ముసాయిదా ప్రకటించిననాడు చూడనివానికి ఈ రక్షణలన్నీ ఉండియు లేనట్లే.

జాబితా ప్రయోజనం శాసనసభతోను, లోక్‌సభతోను ఆగిపోదు. పంచాయతీకి, పురపాలక సంఘానికి వోటర్ల జాబితాలు మన రాష్ట్రాలలో శాసనసభ జాబితా ఆధారంగానే తయారవుతున్నవి. అంతకంటె ముఖ్యమైనది గ్రామసభ. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, గ్రామపు వోటర్ల జాబితాలో ఉన్నవారందరు కలిస్తేనే గ్రామసభ. వారు ఎవరి పిలుపు కోసమో ఎదురుచూచే అతిథులు కారు, అందులో సభ్యులు. పంచాయతీ జమాఖర్చులు, ఆడిటు నివేదిక, రాబోయే ఏటి పనులు, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక — ఇవన్నీ ఆ సభ ముందుకు రావలసిన విషయాలు. వీధిలో మురుగు కాలువ గురించి అరుగు మీద కూర్చుండి విసుగుకొనేవారు, గ్రామసభలో లేచి ఆ మాటే అడిగితే దానికి జవాబు చెప్పవలసినవారు ఎదుటనే ఉంటారు. వోటు అయిదేండ్లకొకసారి, గ్రామసభ ఏటేటా ఉన్నది. రెండింటికీ ప్రవేశం ఒకే జాబితాలోని ఒకే పంక్తి.

మన పేరు, వయస్సు, ఇంటి నంబరు అభ్యర్థుల చేతిలో ఉంటున్నవి. వారి వివరాలు కూడా మనం తెలుసుకొనవలెను గదా. 2002, 2003 సంవత్సరాలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితంగా, శాసనసభకు, పార్లమెంటుకు పోటీచేసే ప్రతి అభ్యర్థియు తనపై గల నేరారోపణలు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపూర్వకంగా ప్రకటించవలసి ఉన్నది. ఆ ప్రమాణపత్రాలను ఎవరైనా చూడవచ్చును. ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకొనేముందు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు విచారించే మనం, అయిదేండ్లపాటు మన పన్నులు ఖర్చుచేసేవారి గురించి నాలుగు కాగితాలు చదవడం అధిక శ్రమ కాదు.

చివరకు ఒక మనవి. సవరణ కాలంలో జాబితాను గ్రామసభలలోను, పట్టణాల నివాసుల సంఘాలలోను చదివి వినిపించే ఏర్పాటు ఉన్నది. అది జరిగేటప్పుడు వెళ్లి వినండి. మీ పేరు వినబడగానే లేచి రాకండి. మీ వీధిలో చదువురాని అవ్వ ఉండవచ్చును; పనికి పోయి ఇంకా తిరిగిరాని కూలీ ఉండవచ్చును; నిరుడు క్రొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఉండవచ్చును. వారి పేర్లు కూడా చదివినారో లేదో గమనించండి. పేరు లేకపోతే వారికి ఆనాడే చెప్పండి, 6వ నంబరు ఫారం నింపడానికి సాయపడండి. ఊరివారి పేర్లు ఊరివారికంటె బాగుగా ఎరిగినవారు ఏ కార్యాలయంలోను ఉండరు.