కమ్మలు ఇచ్చిన జానకి



ఇవాళ ఒక అమ్మాయి గురించి చెప్పుకుందాం. ఆమె పేరు జానకి దేవర్. 1925లో పుట్టింది. ఊరు కౌలాలంపూర్. అది మలయాలో ఉంది. అది ఇప్పుడు మలేషియాలో భాగం.

మలయా సముద్రానికి అవతల ఉంది. అప్పట్లో అక్కడ రబ్బరు తోటలు ఎక్కువగా ఉండేవి. ఆ తోటల్లో కూలి కోసం మనవాళ్లు ఓడలెక్కి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువాళ్లు కూడా వెళ్లారు. జానకిది మాత్రం కలిగిన తమిళ కుటుంబం. ఆమెకు ఏ కష్టమూ తెలియదు.

అది 1943. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. మన దేశం బ్రిటిషువాళ్ల చేతిలో ఉంది. మలయా జపాను చేతిలో ఉంది. జపాను సాయంతో మన దేశాన్ని విడిపించాలని సుభాస్ చంద్రబోస్ అక్కడికి వచ్చాడు. స్వాతంత్ర్యం కోసం చేతనైంది ఇవ్వమని అందరినీ అడిగాడు. జానకి ఆ మాటలు విన్నది. చెవులకున్న బంగారు కమ్మలు తీసి ఇచ్చేసింది.

కమ్మలు ఇవ్వడం ఒక ఎత్తు. తానే వెళ్లడం ఇంకో ఎత్తు. బోసు ఆడవాళ్ల కోసం ఒక సైనిక దళం పెట్టాడు. దాని పేరు ఝాన్సీరాణి దళం. దళానికి నాయకురాలు లక్ష్మి. ఆమె మద్రాసులో డాక్టరు చదువు చదివింది. ఈ దళంలో చేరతానని జానకి పట్టుబట్టింది. పెళ్లి కావలసిన పిల్ల తుపాకీ పడతానంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? ఆమె తండ్రీ ఒప్పుకోలేదు. జానకి పట్టు వదల్లేదు. ఎంతో బతిమాలింది. చివరికి ఆయన సరేనన్నాడు.

1943 అక్టోబరు 22న సింగపూరులో శిబిరం మొదలైంది. చీరలు పోయాయి. ఖాకీ ప్యాంట్లు, బూట్లు వచ్చాయి. తెల్లవారకముందే లేవాలి. కవాతు చేయాలి. తుపాకీ కాల్చడం నేర్చుకోవాలి. బరువు వీపున వేసుకుని రాత్రిపూట మైళ్లకొద్దీ నడవాలి.

సుఖంగా పెరిగిన పిల్ల జానకి. మొదట్లో తట్టుకోలేకపోయింది. ఇంటికి పోతానంటే ఆపేవాళ్లు ఉండేవారా? కానీ ఆమె పోలేదు. ఇవాళ రానిది రేపు వస్తుందనుకుంది. రోజురోజుకీ ఒళ్లు అలవాటుపడింది. భయం పోయింది. గురి కుదిరింది. కొద్దికాలంలోనే అధికారి అయింది. ఇరవై ఏళ్లు నిండకముందే తోటివాళ్లను నడిపించే బాధ్యత వచ్చింది.

ఆ దళంలో తోటల్లో కూలికిపోయే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో అక్షరం ముక్క రానివాళ్లున్నారు. వాళ్లకు శిబిరంలోనే చదువు చెప్పారు. పగలు తుపాకీ పట్టిన చేత్తోనే పలక పట్టారు. కలిగిన ఇంటి జానకీ, కూలి ఇంటి పిల్లా ఒకే వరసలో నిలబడ్డారు.

నేర్చుకున్నదానికి అసలు పరీక్ష 1945లో వచ్చింది. అప్పుడు దళం బర్మాలో ఉంది. యుద్ధంలో జపాను ఓడిపోతోంది. ఏప్రిల్ నెలాఖరున రంగూను వదలాల్సి వచ్చింది. పగలు నడిస్తే విమానాలు బాంబులు వేస్తున్నాయి. అందుకని రాత్రిళ్లు నడిచారు. బురదలో నడిచారు. నదులు దాటారు. ఆ ఆడపిల్లల బృందానికి పెద్ద జానకి. బోసు కూడా వాళ్లతో కలిసి నడిచాడు. ఆయన కాళ్లు బొబ్బలెక్కాయి. అయినా బండెక్కలేదు. మూడు వారాలకు బాంకాకు చేరారు.

ఆ రాత్రి నడకలు ఎందుకు నేర్పారో అప్పుడు తెలిసింది. శిక్షణలో కాళ్లు నొప్పి పెట్టాయి. ఆ కాళ్లే తరవాత ప్రాణం కాపాడాయి.

యుద్ధం ఓడిపోయారు. దళం చెదిరిపోయింది. అంతా ఇళ్లకు వెళ్లిపోయారు. మరి ఆ కష్టమంతా వృథాయేనా? కాదు. జానకి ఊరికే కూర్చోలేదు. 1946లో మలయాలోని భారతీయులు ఒక పార్టీ పెట్టుకున్నారు. దాన్ని మొదలుపెట్టినవారిలో ఆమె కూడా ఉంది. తరవాత జానకి ఆది నాగప్పన్ అనే పేరుతో మలేషియా పార్లమెంటు ఎగువ సభలో కూర్చుంది. 2000లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 2014 మే 9న ఆమె కన్నుమూసింది.

అక్కల్లారా! ఇప్పుడు యుద్ధం లేదు. మన చేతిలో ఉన్నది తుపాకీ కాదు, పలక. మొదటి రోజు బలపం వంకర పోయింది కదా? వేళ్లు నొప్పి పుట్టాయి కదా? నలుగురూ నవ్వుతారని సిగ్గు వేసింది కదా? జానకికీ మొదటి రోజు అలాగే ఉంది. రెండో రోజు మళ్లీ వచ్చింది. అదీ ఆమె గొప్పతనం.

కమ్మలు ఒకసారి ఇస్తే పోతాయి. నేర్చుకున్నది ఎవరికి ఇచ్చినా పోదు. ఈ పాఠం చదివిన అక్క, ఇంకా రాని చెల్లెలి చేయి పట్టుకుని రేపు బడికి తీసుకురావాలి.