పర్వతఘట్టమునకు ముందు

డోర్నకల్ పరిసరముల సమతల మార్గములందు పాలక్యానులు కట్టుకొని సైకిలు త్రొక్కువారికి ఎదురుగాలి యెంతటి శత్రువో వేఱుగ చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు దేశపు సైకిలు మహాపందెమున సైతము మైదానములందు పోటీదారులు ఒకరి వెనుక నొకరు దాగి ఆ గాలినే తప్పించుకొందురు. కాని కొండ యెదురుకాగానే వేగము తగ్గి, గాలికి మాఱుగా దేహభారమే ప్రతిపక్షమగుటచే, ఆ చాటు చాలవఱకు నిష్ప్రయోజనమగును.

ఆ పందెమున 1952లో ఫౌస్టో కొప్పి అను పోటీదారు తొలిసారి జయించిన ఆల్ప్ దుయెజ్ కొండదారి, 21 మలుపులతో, నూరు మీటర్లకు సుమారు ఎనిమిది మీటర్ల వంతున, దాదాపు 14 కిలోమీటర్లు పైకెక్కును. మలుపు మలుపునకు పూర్వవిజేతల పేర్లు గల ఫలకములుండును. చాటున దాగి వచ్చువారు ఇట్టి కొండపై వెనుకబడుదురు కావున, ఘట్టమునకు ముందటి రాత్రి, అగ్రగామికి గల నిమిషముల ఆధిక్యమును మాత్రమే గాక, అతనితో కొండనెక్కగల సహచరులెందరు మిగిలిరో లెక్కింపుడు. నా మట్టుకు ఆ నిరీక్షణయే పందెమునందెల్ల రసవత్తరము.